బాబుకి స్పేసర్, మామయ్యగారికి రోటాక్యాప్: ఇద్దరికీ మందు పని చేయడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాం?

గుంటూరు అమ్మ:

అందరికీ నమస్కారం. మా బాబుకి ఆరేళ్ళు. రెండో ఏడు నుంచే జలుబు చేస్తే చాలు ఛాతీలోకి దిగిపోతుంది, రాత్రి రెండు మూడింటికి దగ్గు మొదలై పిల్లికూతలు వినపడతాయి. ఇన్నాళ్ళూ నెమ్ము అనే అనుకున్నాం. ప్రతిసారీ యాంటీబయాటిక్, దగ్గు సిరప్, మరీ ఎక్కువైతే క్లినిక్‌కి పరిగెత్తి నెబులైజర్ పెట్టించుకుని రావడం. పోయిన నెల వేరే పిల్లల డాక్టరుగారికి చూపిస్తే ఇది ఆస్తమా అని తేల్చి చెప్పారు. బుడెకార్ట్ 100 ఇన్‌హేలర్ పొద్దున ఒక పఫ్, రాత్రి ఒక పఫ్, స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) పెట్టి రోజూ ఇవ్వాలి, ఆయాసం వస్తే మాత్రం అస్తాలిన్ ఇవ్వాలి అని రాశారు. దాంతో పాటు రాత్రికి మాంటెలుకాస్ట్ నమిలే మాత్ర. ఎలా వాడాలో అక్కడ నిమిషంలో చూపించి పంపేశారు, ఇంటికొచ్చాక సగం మర్చిపోయాను.

పన్నెండు రోజులైంది. దగ్గు పెద్దగా తగ్గలేదు. నొక్కగానే తెల్లటి పొగలాంటిది మాస్కు పక్కల నుంచి బయటికి వచ్చేస్తోంది, వాడు తల తిప్పేసుకుంటాడు, నేను గట్టిగా పట్టుకుంటే ఏడుస్తాడు. మధ్యలో రెండు రోజులు బాగున్నాడని ఆపేశాను కూడా, అది తప్పేమో తెలియదు.

ఇంట్లో ఇంకో సమస్య. మా మామయ్యగారు మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశారు, ఎనిమిదేళ్ళుగా రోటాక్యాప్ (పొడి మందు ఉండే క్యాప్సూల్) పీలుస్తున్నారు, అయినా మెట్లెక్కితే ఆగి ఆగి ఊపిరి తీసుకుంటారు, అస్తాలిన్ రోజుకి ఐదారుసార్లు కొట్టుకుంటారు. ఆయన్ని చూసి అత్తయ్యగారు "మీ మామయ్యకే తగ్గలేదు, పసివాడికి ఇప్పుడే ఇన్‌హేలర్ అలవాటు చేస్తే జన్మంతా వదలదు, స్టెరాయిడ్ కదా, ఎత్తు కూడా పెరగడు" అంటున్నారు. ఆవిడ ప్రేమతోనే అంటున్నారు, నాకు ఎదురు చెప్పడానికి మాటలు లేవు. పక్కింటివాళ్ళేమో నెబులైజర్ మెషీన్ కొనేయండి, అదే బలమైనది అంటున్నారు. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

నిజామాబాద్ అక్క:

చెల్లీ, ముందు ధైర్యంగా ఉండు. మా పాపకి ఇప్పుడు పదమూడు, ఐదో ఏట నుంచి ఇన్‌హేలర్ మీదే పెరిగింది, స్కూల్లో ఖోఖో ఆడుతుంది. నీ పోస్టు చదువుతుంటే నా మొదటి నెల గుర్తొచ్చింది.

ఆ తెల్లటి పొగ మాటే మొదట చెప్తాను, ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది. బయట కనిపించిన పొగంతా మీ బాబు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాల్సిన మందు. మాస్కు ముక్కు మీద, నోటి మీద, గడ్డం దాకా ఖాళీ లేకుండా అతుక్కోవాలి, చిన్న సందు ఉన్నా మందు అటే పోతుంది. ఇంకో మాట, ఆరేళ్ళ పిల్లాడికి మాస్కు ఎందుకు? నాలుగైదేళ్ళు దాటి చెప్పింది అర్థం చేసుకునే పిల్లలైతే మాస్కు తీసేసి స్పేసర్ గొట్టాన్నే పెదాల మధ్య పెట్టి నోటితో పీల్చమంటారు. మాస్కుతో ఐతే సగం ముక్కుతో పీలుస్తారు, మందు ముక్కులోనే ఆగిపోతుంది. బహుశా నీకు ఇచ్చింది చంటిపిల్లల సైజు మాస్కు అయ్యుంటుంది, ఆరేళ్ళ మొహానికి అది అతకదు. ఈసారి వెళ్ళినప్పుడు డాక్టరుగారిని అడుగు, గొట్టంతో వాడు చేయగలడో లేదో అక్కడే చేయించి చూడమను.

ఏడుస్తుంటే ఇవ్వకు. ఏడిచేటప్పుడు పిల్లలు పొడుగ్గా ఊపిరి వదిలి చటుక్కున ఎగబీలుస్తారు, మందు గొంతులోనే పడుతుంది. మేము వారం రోజులు ఖాళీ స్పేసర్ ఆడుకోడానికి ఇచ్చాం, బొమ్మకి పెట్టింది, వాళ్ళ నాన్నకి పెట్టింది, ఆ తర్వాత భయం పోయింది.

మేము చేసే పద్ధతి ఇది. కూర్చోబెడతాను, పడుకోబెట్టి ఇవ్వను. డబ్బా బాగా ఊపి, మూత తీసి స్పేసర్‌కి తగిలిస్తాను. పెదాలు గట్టిగా మూశాక ఒక్కసారే నొక్కుతాను. పెద్ద ఊపిరి అక్కర్లేదు, మామూలుగా, నెమ్మదిగా ఐదారుసార్లు పీల్చి వదలాలి, స్పేసర్ లోపల వాల్వు టక్ టక్ మంటుంది, ఆ చప్పుడు లెక్కపెట్టడమే. ఇంకో పఫ్ ఉంటే అర నిమిషం ఆగి, మళ్ళీ ఊపి, మళ్ళీ ఒక్కటే. రెండు పఫ్‌లూ ఒకేసారి స్పేసర్‌లోకి కొడితే రెట్టింపు మందు వెళ్తుందని నేనూ అనుకున్నాను, కానీ ఆ తుంపరలు ఒకదానికొకటి అంటుకుని గోడలకి పట్టేస్తాయి, నిజానికి తక్కువే అందుతుంది.

గోడలంటే గుర్తొచ్చింది. నేను స్పేసర్‌ని రోజూ కడిగి చీర కొంగుతో తళతళలాడేట్టు తుడిచేదాన్ని. శుభ్రత అనుకున్నాను. ఓ రోజు వెలుతురుకి పెట్టి చూస్తే లోపలంతా సన్నటి తెల్ల పొర. మామూలు ప్లాస్టిక్ స్పేసర్‌ని గుడ్డతో రుద్దితే, దువ్వెనకి కాగితం ముక్కలు అంటుకున్నట్టు మందు గోడలకి అంటుకుపోతుందని అప్పుడు డాక్టరుగారు చెప్పారు. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ వేసి ముంచి తీసి, లోపల తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. నోట్లో పెట్టుకునే చోట మాత్రం నీళ్ళతో కడిగితే చాలు. అప్పటి నుంచి రాత్రి వంటింటి గట్టు మీద బోర్లించి పెడుతున్నాను. ఆ పొర పోయాక నెలలోనే పాప దగ్గు సగం తగ్గింది, మందు మార్చలేదు, డోసు పెంచలేదు.

బాగుందని మధ్యలో ఆపకు. బుడెకార్ట్ ఇవ్వగానే తగ్గించేది కాదు, లోపలి వాపుని రోజుల తరబడి తగ్గించుకుంటూ వస్తుంది, సరిగ్గా వెళ్తే ఒకటి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది.

మందుల షాపు, వరంగల్:

నేను ఫార్మసిస్టుని, ఇరవై రెండేళ్ళుగా కౌంటర్లో ఉన్నాను. మీ అత్తయ్యగారి భయం రోజూ వింటాను, అందుకే అంకెలు చెప్తాను, ఆవిడకి చదివి వినిపించండి.

అస్తాలిన్ ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. అదే మందు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 2 మిల్లీగ్రాములు, అంటే 2000 మైక్రోగ్రాములు, ఇరవై పఫ్‌లంత. సిరప్ కడుపులోకి పోయి, రక్తంలో కలిసి, ఒళ్ళంతా తిరిగి అప్పుడు ఛాతీకి చేరుతుంది, అందుకే పిల్లలకి చేతులు వణకడం, గుండె దడ. ఆ సిరప్ తాగించడానికి ఎవరూ భయపడరు, ఇరవయ్యో వంతు మందుండే పఫ్ అంటే భయపడతారు. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

స్టెరాయిడ్ సంగతి. బుడెకార్ట్‌లో ఉండే స్టెరాయిడ్ పేరు బ్యుడెసొనైడ్, బాబుకి రోజుకి వెళ్ళేది 200 మైక్రోగ్రాములు. ఆయాసం ముదిరితే ఆసుపత్రిలో ఇచ్చే ప్రెడ్నిసొలోన్ 10 మిల్లీగ్రాములంటే 10,000 మైక్రోగ్రాములు. రెండు మందుల బలం ఒకటి కాదు కాబట్టి సూటిగా పోల్చలేం, కానీ ఒకటి ఒళ్ళంతా తిరిగేది, ఇంకోటి ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పని చేసేది. ఎత్తు మీద ప్రభావం అసలు లేదని చెప్పను. రోజుకి 400 మైక్రోగ్రాముల బ్యుడెసొనైడ్ వాడిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించిన అమెరికా అధ్యయనం 2012లో వచ్చింది, మిగతా వాళ్ళకన్నా సగటున సుమారు 1.2 సెంటీమీటర్లు తక్కువ. మీ బాబు డోసు అందులో సగం. ఆస్తమాని వదిలేసి రాత్రుళ్ళు నిద్ర లేకుండా, ఆటలు లేకుండా పెరిగితే ఎదుగుదల దెబ్బతినదా? డాక్టర్లు ప్రతి విజిట్‌లో ఎత్తు కొలిచి, అదుపులోకి వచ్చాక డోసు తగ్గిస్తూ వస్తారు. అలవాటు పడటం అనేది లేదు, సారా బీడీల్లాంటి వ్యసనం కాదిది. మందు ఆపితే ఆయాసం తిరిగొచ్చేది జబ్బు ఇంకా ఉండటం వల్ల.

బుడెకార్ట్ ఇచ్చిన ప్రతిసారీ బాబు చేత నీళ్ళు పుక్కిలించి ఉమ్మించండి, మింగనివ్వకండి. పళ్ళు తోమే ముందు ఇస్తే అదే అలవాటైపోతుంది. లేకపోతే నాలుక మీద తెల్లపూత, గొంతు బొంగురు వస్తాయి. అస్తాలిన్‌కి ఇది తప్పనిసరి కాదు.

నెబులైజర్ బలమైనది కాదండీ. స్పేసర్‌తో సరిగ్గా ఇస్తే మామూలు ఆయాసానికి రెండూ ఒకేలా పని చేస్తాయి, స్పేసర్‌కి కరెంటు అక్కర్లేదు, సంచిలో పడుతుంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ అవసరమైనప్పుడు నెబులైజర్ మాట వేరు.

డబ్బాలో ఎంత మిగిలిందో చూడ్డానికి నీళ్ళ గ్లాసులో వేసి తేలుతుందా మునుగుతుందా చూస్తారు, దాన్ని నమ్మకండి. మందు అయిపోయాక కూడా లోపలి గ్యాసు కొంత మిగిలి బుస్సుమంటూనే ఉంటుంది. డబ్బా మీద ఎన్ని డోసులో రాసి ఉంటుంది, 200 అని ఉంటే రోజుకి రెండు చొప్పున వంద రోజులు. మొదలుపెట్టిన తేదీ దాని మీదే రాసుకోండి. కొత్త డబ్బా అయినా, చాలా రోజులు వాడకుండా ఉన్నదైనా ముందు రెండు మూడుసార్లు గాల్లోకి కొట్టి అప్పుడు వాడాలి.

నల్గొండ తమ్ముడు:

అక్కా, మృగశిర కార్తెకి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం ఇస్తారు కదా, కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. మా అన్న మూడేళ్ళు వరసగా తీసుకున్నాడు, బాగానే ఉన్నాడు. బాబుని కూడా తీసుకెళ్ళండి, ఈ ఇన్‌హేలర్ గోల ఉండదు.

నిజామాబాద్ అక్క:

తమ్ముడూ, నువ్వు మంచి మనసుతో చెప్పావు. మా అమ్మ పట్టుబడితే ఒక జూన్‌లో మేమూ వెళ్ళాం, అందుకే ఇది చెప్పగలను. నమ్మకం ఉన్నవాళ్ళు వెళ్ళొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని ఇన్‌హేలర్ ఆపకూడదు. అది ఆస్తమాని తగ్గిస్తుందని పరీక్షల్లో తేలలేదు. మా అమ్మ మాట విని మేము రెండు వారాలు ఆపేశాం, జూన్ నెల, తొలకరి, గాలి మారింది, పాపని అర్ధరాత్రి ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాల్సి వచ్చింది. డొక్కలు ఎగరేస్తూ మాట్లాడలేక నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. బతికున్నంతకాలం ఎవరికైనా ఇదే చెప్తాను.

విశాఖ లెక్చరర్:

పెద్దవాళ్ళ సంగతి నేను చెప్తాను, నాకు నలభై ఏడు, కాలేజీ రోజుల నుంచి ఆస్తమా. మీ మామయ్యగారి గురించి చదివితే నాకు బాబు కన్నా ఆయన మీదే ఎక్కువ దిగులేసింది. అస్తాలిన్ రోజుకి ఐదారుసార్లు అంటే ఆస్తమా అదుపులో లేదని అర్థం. అది బిగుసుకున్న గొట్టాల్ని కాసేపు వదులు చేస్తుంది అంతే, లోపలి వాపుని ముట్టుకోదు. కాసేపు హాయిగా ఉంటుంది కాబట్టి అదే మందు అనుకుంటాం. నేను పదిహేనేళ్ళు అలాగే బతికాను, జేబులో అస్తాలిన్, బీరువాలో స్టెరాయిడ్ ఇన్‌హేలర్ దుమ్ము పట్టి. ప్రపంచమంతా డాక్టర్లు చూసే గినా మార్గదర్శకాలు 2019 నుంచి పన్నెండేళ్ళు దాటిన ఎవరికీ అస్తాలిన్ లాంటిది ఒక్కటే ఇవ్వొద్దని చెప్తున్నాయి, దానితో పాటు పీల్చే స్టెరాయిడ్ ఉండి తీరాలి. ఏడాదికి అస్తాలిన్ డబ్బాలు మూడు అంతకు మించి ఖాళీ అవుతుంటే ఆయాసం ముదిరి ఆసుపత్రి పాలయ్యే ముప్పు పెరుగుతుందని అందులోనే ఉంది. మీ మామయ్యగారివి ఎన్ని అవుతున్నాయో లెక్క చూడండి.

నాకిప్పుడు ఫార్మోటెరాల్, బ్యుడెసొనైడ్ కలిసిన ఇన్‌హేలర్ ఇచ్చారు, రోజూ అదే, ఆయాసం అనిపిస్తే కూడా అదే. ఫార్మోటెరాల్ నిమిషాల్లో పని మొదలుపెడుతుంది కాబట్టి అలా వాడొచ్చు. సాల్మెటెరాల్ కలిసినవి అలా వాడకూడదు, అది నిదానం. కాబట్టి నాది చూసి మీరు మార్చకండి, ఆయన్ని డాక్టరుకి చూపించండి.

ఇక రోటాక్యాప్. ఒక్క ప్రశ్న. ఆయన పీల్చాక క్యాప్సూల్ ముక్క తీసి చూశారా? అందులో పొడి మిగిలి ఉంటుందని నా అనుమానం. మీ ఇంట్లో ఇద్దరి మందులూ తలకిందులు. బాబు వాడే స్ప్రే డబ్బా బాగా ఊపాలి, నెమ్మదిగా పీల్చాలి. రోటాక్యాప్‌లో పొడి మందుని తోసే గ్యాసు లేదు, మన ఊపిరే దాన్ని లాగాలి, అందుకే ముంజెలో నీళ్ళు జుర్రినట్టు ఒక్క ఊపున గట్టిగా, వేగంగా, లోతుగా లాగాలి. క్యాప్సూల్ పెట్టి తిప్పి విడదీశాక పరికరాన్ని ఊపకూడదు. ముందు మొహం పక్కకి తిప్పి ఊపిరంతా బయటికి వదలాలి, దాంట్లోకి ఊదితే పొడి ఎగిరిపోతుంది, తడి తగిలితే ముద్దవుతుంది. లాగాక పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టి, మెల్లగా ముక్కుతో వదలాలి. పొడి మిగిలుంటే మళ్ళీ లాగాలి. సముద్రానికి దగ్గర ఊళ్ళలో గాల్లో తేమ ఎక్కువ, క్యాప్సూల్ ముందే బయటికి తీసి పెట్టుకోకూడదు. అన్నట్టు కొంతమంది పెద్దవాళ్ళు ఆ క్యాప్సూల్‌ని నీళ్ళతో మింగేస్తారు, అదీ కనుక్కోండి.

ఆయనకి అంత గట్టిగా లాగే శక్తి లేకపోతే పొడి మందు ఆయనకి తగదు, స్ప్రే, స్పేసర్ అడగండి, స్పేసర్ పిల్లలకే అనేం లేదు. ముప్పై ఏళ్ళు మిర్చి ఘాటులో ఉన్నారంటే అది ఆస్తమానా, సీఓపీడీనా (పొగ, దుమ్ముతో ఏళ్ళ తరబడి ఊపిరి గొట్టాలు దెబ్బతినే జబ్బు), రెండూ కలిసి ఉన్నాయా అన్నది ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్షలో చూడాలి. బీపీకో గుండెకో ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడుతున్నారేమో, ఒళ్ళు నొప్పులకి ఏ మాత్రలు వేసుకుంటున్నారో కూడా డాక్టరుకి చెప్పాలి, కొందరికి అవి ఆయాసాన్ని పెంచుతాయి.

గుంటూరు అమ్మ:

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇప్పుడే మామయ్యగారి చెత్తబుట్టలోంచి మూడు క్యాప్సూల్ ముక్కలు తీసి చూశాను. మూడింట్లోనూ పొడి ఉంది. ఎనిమిదేళ్ళు. ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఇంకొక్కటి. మాంటెలుకాస్ట్ మొదలుపెట్టాక బాబు రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచి ఏడుస్తున్నాడు, పగలు మాట మాటకీ చిరాకు. ఆయాసం వల్లేనా? ఇంకా, రాత్రి ఆయాసం ఎక్కువైతే ఎంతసేపు ఇంట్లో చూడొచ్చు?

మందుల షాపు, వరంగల్:

మాంటెలుకాస్ట్ గురించి రేపే డాక్టరుగారికి ఫోన్ చేయండి, వాయిదా వేయకండి. నిద్రలో భయపడటం, చిరాకు, మనసు మారిపోవడం లాంటివి దీనివల్ల కొందరిలో వస్తాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గట్టి హెచ్చరిక పెట్టింది. అందరికీ రాదు, కానీ మీరు చెప్పిన లక్షణాలు డాక్టరుకి తెలియాలి. ఆపాలా వద్దా ఆయన చెప్తారు. బుడెకార్ట్ మాత్రం ఆపకండి.

ఆయాసం వచ్చిన రాత్రికి ఏం చేయాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. మామూలుగా చెప్పేది ఇది: కూర్చోబెట్టి అస్తాలిన్ స్పేసర్‌తో 4 పఫ్‌లు, ఒక్కొక్కటిగా. 4 నిమిషాలు చూడండి. తగ్గకపోతే ఇంకో 4. అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోన్ చేయడమే, బండి వచ్చేదాకా పఫ్‌లు ఇస్తూనే ఉండాలి. పెదాలు నీలంగా మారినా, మాట పూర్తిగా పలకలేకపోయినా, డొక్కలు లోపలికి లాగేస్తున్నా, మగతగా పడిపోయినా ఈ లెక్కలు అక్కర్లేదు, వెంటనే బయల్దేరండి. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి బిడ్డ నీరసపడితే తగ్గిందనుకోవద్దు, గాలే ఆడట్లేదని అర్థం.

డాలస్ నుంచి:

చిన్న మాట కలుపుతాను. ఇక్కడికి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అస్తాలిన్ అయిపోతే షాపులో ఆ పేరు ఎవరికీ తెలియదు. మనం సాల్బుటమాల్ అనేదాన్ని ఇక్కడ ఆల్బుటెరాల్ అంటారు, రెండూ ఒకటే, అదీ డాక్టరు చీటీ ఉంటేనే ఇస్తారు. మా నాన్నగారికి ఒక శనివారం రాత్రి ఇదే జరిగింది. ప్రయాణానికి సరిపడా తెచ్చుకోండి, చేతిసంచిలోనే పెట్టుకోండి. మా అబ్బాయి స్కూల్లో పిల్లాడికి ఆయాసం వస్తే ఏం చేయాలో డాక్టరు సంతకంతో కాగితం, ఒక ఇన్‌హేలర్ నర్సు దగ్గర ఉంటాయి. మీ బాబు క్లాస్ టీచరుకి కూడా అలాంటిదొకటి రాసివ్వండి, మన దగ్గర అడిగితే కాదనరు.

గుంటూరు అమ్మ:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మాంటెలుకాస్ట్ డాక్టరుగారు ఆపించారు, నాలుగు రోజుల్లో బాబు నిద్ర మామూలైంది. మాస్కు తీసేసి గొట్టంతో ఇస్తున్నాం. పోయిన పది రోజుల్లో రాత్రి దగ్గు ఒక్కసారే వచ్చింది. మస్కిటో కాయిల్ మానేసి దోమతెర కట్టాం, సాంబ్రాణి పొగ అత్తయ్యగారే తనంతట తాను ఆపేశారు.

మామయ్యగారికి ఊదే పరీక్ష చేశారు, ఆస్తమానే, కానీ పొడి లాగే బలం లేదన్నారు, స్ప్రే, స్పేసర్ ఇచ్చారు. మొదట పిల్లల వస్తువని సిగ్గుపడ్డారు. ఇప్పుడు పొద్దున ఏడింటికి ఇద్దరూ వరండాలో పక్కపక్కన కూర్చుంటారు, ఎవరి స్పేసర్ వాళ్ళది, తాత పీలుస్తుంటే మనవడు వేళ్ళు మడిచి లెక్కపెడతాడు, మనవడు పీలుస్తుంటే తాత. ఆయన ఆరు బదులు నాలుగుకే ఆపితే వీడు ఊరుకోడు. తర్వాత ఇద్దరూ పంపు దగ్గరికి వెళ్ళి పుక్కిలిస్తారు. నిన్న ఆయన మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళి వడియాలు దించుకొచ్చారు, మధ్యలో ఒక్కసారే ఆగారు.